"శుద్ధరాత్రి" కీర్తనకు ప్యాడ్స్ అవసరమా? ఎలుకల కథ నిజమేనా?

గుంటూరు_ఆల్టో
మా సంఘంలో డిసెంబరు 24 రాత్రి ఆరాధన చివర దీపాలన్నీ ఆర్పి, కొవ్వొత్తుల వెలుగులో "శుద్ధరాత్రి" (ఇంగ్లీషు "సైలెంట్ నైట్"కు తెలుగు రూపం) పాడడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న ఆనవాయితీ. ఈ సంవత్సరం యూత్ వారు ఆ కీర్తనకు కీబోర్డు రిథమ్, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) కలిపి, వేగం పెంచి పాడతామని ప్రతిపాదించారు. "ఈ పాటను మొదటిసారి పాడిన రోజు ఎలుకలు చర్చి ఆర్గన్ తిత్తిని కొరికేశాయి కాబట్టి గత్యంతరం లేక గిటారుతో పాడారు, మంచి వాద్యాలు ఉండి ఉంటే వాళ్లూ వాడేవాళ్లే కదా" అన్నది వారి వాదన. ఈ ఎలుకల కథను ప్రతి క్రిస్మస్‌కూ ఎవరో ఒకరు వేదిక మీద చెబుతూనే ఉంటారు. అందులో నిజమెంత? రెండు వందల ఏళ్లు దాటినా ఈ పాట మీద మనసు తీరకపోవడానికి కారణమేమిటి? క్వయర్ కమిటీ ముందు మాట్లాడవలసి ఉంది కనుక తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నక్షత్రదీపం
సండే స్కూల్లో పిల్లలకు నేను కూడా ఎలుకల కథే చెబుతాను. పిల్లలు పాటకంటే ముందు ఎలుకనే గుర్తుపెట్టుకుంటారు. దాన్ని తీసేయమంటే వాళ్లు ఒప్పుకోరు.

పాతకీర్తన
ఎలుకలను కాసేపు పక్కన పెట్టి, కాగితం మీద ఉన్నదాన్ని చూద్దాం. ఈ పాటకు సాహిత్యం రాసినవారు యోసెఫ్ మోర్ అనే కథోలిక గురువు. ఆయన 1792లో, ఇప్పటి ఆస్ట్రియాలో ఉన్న సాల్జ్‌బర్గ్‌లో, పెళ్లి కాని ఒక పేద తల్లికి పుట్టారు. తండ్రి సిపాయి, కుటుంబాన్ని విడిచి వెళ్లిపోయాడు. పెద్ద చర్చిలో సంగీతం చూసే ఒక గురువు ఆ పిల్లవాడి గొంతునూ తెలివినీ గమనించి చదివించబట్టి ఆయన గురువు కాగలిగారు. 1816లో మరియాఫార్ అనే కొండ ఊరిలో సహాయ గురువుగా ఉన్నప్పుడు ఆరు చరణాల ఈ కవిత రాశారు. అప్పటికి నెపోలియన్ యుద్ధాలు ముగిసి ఏడాది మాత్రమే అయింది. అంతకు ముందు సంవత్సరం ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలై ఆకాశమంతా బూడిద కమ్మడంతో, 1816లో ఐరోపాకు వేసవి అన్నదే రాలేదు, పంటలు పోయాయి, తిండిగింజలకు కటకట ఏర్పడింది. ప్రశాంతత గురించిన ఈ మాటలు ప్రశాంతత కరువైన ఏటనే పుట్టాయి.

మరుసటి ఏడు, 1817లో, మోర్ సాల్జాఖ్ నది ఒడ్డున ఉన్న ఓబర్న్‌డార్ఫ్‌కు మారారు. పక్క ఊరైన ఆర్న్స్‌డార్ఫ్‌లో బడిపంతులుగా ఉంటూ ఓబర్న్‌డార్ఫ్ చర్చిలో ఆర్గన్ వాయించే ఫ్రాంజ్ క్సావర్ గ్రూబర్ చేతికి 1818 డిసెంబరు 24న ఆ కవితను ఇచ్చి, రెండు గొంతులకు, గాయకబృందానికి, గిటారుకు సరిపోయే బాణీ కట్టమని అడిగారు. గ్రూబర్ ఆ సాయంత్రానికే బాణీ తెచ్చి ఇచ్చారు. ఆ రాత్రే సెయింట్ నికోలస్ చర్చిలో మోర్ గిటారు మీటుతూ పై గొంతులో, గ్రూబర్ కింది గొంతులో పాడగా, ప్రతి చరణం చివరి పాదాలను బృందం అందుకుంది. ఈ వివరాల్లో చాలావరకు 1854లో గ్రూబర్ స్వయంగా రాసిపెట్టినవి. ఈ బాణీ పేరుపొందిన స్వరకర్త మైఖేల్ హైడన్‌దా అని బెర్లిన్ రాజాస్థాన సంగీతశాల వారు సాల్జ్‌బర్గ్‌కు రాసి అడిగినందుకు ఆయన ఇచ్చిన జవాబు అది. అందులో ఆర్గన్ చెడిపోయిందన్న ప్రస్తావన లేదు, ఎలుక అసలే లేదు. "ఒక్క రాత్రిలో పుట్టిన పాట" అని మనవాళ్లు అంటారు గానీ ఒక్క రోజులో పుట్టింది బాణీ మాత్రమే. సాహిత్యం వయసు అప్పటికే రెండేళ్లు. మోర్ చేతిరాతలో ఉన్న ప్రతి 1995లో బయటపడినప్పుడు దాని మీద 1816 అన్న సంవత్సరమూ, బాణీ గ్రూబర్‌దన్న మాటా రెండూ కనిపించాయి.

కృష్ణాతీరం
పాతకీర్తన గారి వివరణతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ ఆర్గన్ సంగతిని అంత తేలికగా కొట్టిపారేయలేం. కార్ల్ మౌరాఖర్ అనే ఆర్గన్ల తయారీదారు ఓబర్న్‌డార్ఫ్‌కు వచ్చి ఆ ఆర్గన్ పని చూశాడన్నదీ, 1825లో అక్కడ కొత్తది అమర్చాడన్నదీ చరిత్రలో ఉన్న విషయమే. బాగా మోగే ఆర్గన్‌కు అంత పని ఎందుకు పడుతుంది? ఎలుకలు కల్పనే కావచ్చు, నలిగిన ఆర్గన్ మాత్రం కల్పన కాదు.

పాతకీర్తన
ఆర్గన్ నలిగి ఉండవచ్చు, నేను కాదనను. కానీ గిటారు "గత్యంతరం లేక" వచ్చిందనడానికి ఆధారం చాలదు. మోర్ గిటారునే కోరి అడిగారని గ్రూబర్ రాశారు. మోర్‌కు సొంత గిటారు ఉండేది, అది ఇప్పటికీ హాలైన్ పట్టణంలోని మ్యూజియంలో భద్రంగా ఉంది. యూత్ వారి వాదన నిలిచేదీ పడిపోయేదీ ఈ ఒక్క చోటనే.

అరండల్‌పేట_పెద్దాయన
మా రోజుల్లో హార్మోనియం తప్ప మరొకటి ఆరాధనలోకి రానిచ్చేవారు కాదు. గిటారు అంటే సినిమా వాద్యమని అయ్యగారు ఒప్పుకునేవారు కాదు. ఇప్పుడు గిటారు దాటి ప్యాడ్స్ వరకూ వచ్చింది. ఏ పాటకు ఏది తగునో చూసుకోకపోతే రేపు మంగళహారతికి కూడా డప్పుల దరువు వేస్తారు. ఒక్క మాట మాత్రం ఇక్కడ చెప్పాలని ఉంది. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరులో అడుగుపెట్టేనాటికి ఈ మోర్, గ్రూబర్ ఇద్దరూ బతికే ఉన్నారు. మన సంఘాలకూ ఈ పాటకూ మధ్య ఉన్న దూరం మనం అనుకునేంత పెద్దది కాదు.

తంతి_పెట్టె
పెద్దాయన గారికి నమస్కరించి చెబుతున్నాను. ఈ పాట విషయంలో గిటారే ఇంటి మనిషి, ఆర్గనే తరువాత వచ్చిన చుట్టం. తొలి ప్రతిలో ఉన్నది డి మేజర్ స్వరశ్రేణి. తీగల మీద వేళ్లతో ఒక్కొక్క స్వరాన్నీ విడదీసి మీటాలే తప్ప పైనుంచి కిందికి కొట్టడం దీనికి నప్పదు. మూడే మూడు కార్డులతో పాట మొత్తం నడిచిపోతుంది. గిటారు నేర్చుకుంటున్న పిల్లలకు నేను మొదట నేర్పేది ఇదే.

అరండల్‌పేట_పెద్దాయన
వేళ్లతో మీటేటట్లయితే నాకు అభ్యంతరం లేదు. నా బాధ దరువుతోనే.

తిశ్రనడక
నేను క్రైస్తవుణ్ణి కాను. విజయవాడలో పిల్లలకు కర్ణాటక సంగీతం చెబుతాను. పక్కింటివారు ప్రతి డిసెంబరులో క్యారల్స్ బృందాన్ని పిలుస్తారు కనుక ఈ పాటను చాలా ఏళ్లుగా వింటున్నాను. ఇది ఎందుకు అందరి నోటా నిలుస్తుందో స్వరాల్లో చూపించే ప్రయత్నం చేస్తాను.

స్వరాలన్నీ మన శంకరాభరణంలో ఉండేవే. ఆవర్తానికి ఆరు మాత్రలు, మనం తిశ్ర నడక, అంటే మూడేసి మాత్రల నడక, అనుకోవచ్చు. ఎత్తుగడ "ప ద ప గ". మొదటి మూడు మాత్రల్లో పంచమం కాస్త సాగి, ధైవతాన్ని ఇలా తాకి, వెంటనే పంచమానికి తిరిగి వస్తుంది. తరువాతి మూడు మాత్రలూ గాంధారం మీద నిలుపు. అదే సంగతి మళ్లీ ఇంకోసారి. ఊయల ఒక పక్కకు ఊగి, క్షణం ఆగి, మళ్లీ ఊగినట్టే ఉంటుంది. ఇంకా ఏ ప్రయాణమూ మొదలు కాకుండానే, రెండు ఆవర్తాల్లోనే వినేవాడికి బాణీ వచ్చేస్తుంది. ఆ తరువాత "రి రి ని, స స ప" అంటూ తారస్థాయి రిషభాన్ని అందుకుని మళ్లీ పంచమానికి దిగుతుంది. మధ్యలో "ద ద స ని ద, ప ద ప గ" అన్న పాదం మార్పు లేకుండా రెండుసార్లు వస్తుంది. అంటే కొత్తగా నేర్చుకోవలసిన భాగం నిజానికి పాటలో మూడింట రెండు వంతులే.

అసలు విశేషం చివర ఉంది. తారస్థాయి మధ్యమం పాట మొత్తంలో ఒక్కసారే వస్తుంది, అదీ చివరి రెండు పాదాల్లోనే. అక్కడిదాకా ఎక్కినవాడు "స ప గ ప మ రి స" అంటూ మెట్టు మెట్టుగా మధ్యస్థాయి షడ్జం దాకా దిగి ఆగుతాడు. పాట మొదలైంది పంచమం మీద గనుక ఆధార షడ్జానికి గొంతు చేరేది ఆ చివరి స్వరంతోనే. నిద్రపుచ్చే పాట ముగియవలసిన తీరు ఇదే. ఆరు మాత్రల మీద ఎనిమిది మాత్రల రిథమ్ తెచ్చి పెడితే గాంధారం మీది ఆ నిలుపు పోతుంది. నిలుపు పోయాక మిగిలేది స్వరాల వరస మాత్రమే.

యూత్_కీబోర్డు
గుంటూరు_ఆల్టో గారు ప్రస్తావించిన యూత్‌లో నేనూ ఒకడిని కాబట్టి మా వైపు మాట కూడా వినాలి. మేము ఎనిమిది మాత్రల బీట్ పెడదామనలేదు, ఆరు మాత్రలదే పెడదామన్నాం. మా ఇబ్బంది వేరు. సంఘమంతా కలిసి పాడేటప్పుడు ప్రతి స్వరాన్నీ సాగదీసి, ఒక్కో పాదం దగ్గర ఊపిరి అందక ఆగిపోతుంటే, తిశ్రనడక గారు చెప్పిన ఊయల ఎక్కడా కనిపించడం లేదు. మూడో చరణానికి వచ్చేసరికి ముందు వరసలవారు ఒక స్వరం మీదా, వెనక వరసలవారు మరో స్వరం మీదా ఉంటున్నారు. వేగం పెంచుదామన్నది అందుకే.

తిశ్రనడక
యూత్_కీబోర్డు గారి ఫిర్యాదు న్యాయమైనది. సాగదీయడం కూడా ఊయలను ఆపేస్తుంది. కాలం సరిచేయడానికి ప్యాడ్స్ అక్కర్లేదు. మొదటి పాదాన్ని ఒకే ఊపిరిలో పాడగలిగేంత నడక చాలు. ముందుండి పాడేవారు చేతితో ఆవర్తానికి రెండు దెబ్బలు చూపిస్తే సంఘం దానంతట అదే సర్దుకుంటుంది.

మంగళగిరి_మగ్గం
గ్రూబర్ గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆయన 1787లో నార బట్టలు నేసే ఇంట్లో పుట్టారు. కొడుకు మగ్గం మీదే కూర్చోవాలని తండ్రి కోరిక. ఊరి పంతులు గారి దగ్గర సంగీతం నేర్చుకుని ఆయన పంతులయ్యారు. మాదీ నేత కుటుంబమే. మగ్గం గుంటలో కూర్చుని పలకను తొక్కే కాలికి ఒక తాళం పట్టుబడిపోతుందని మా నాన్న అనేవారు. గ్రూబర్ చిన్నప్పుడు విన్న శబ్దమూ అదే అయి ఉంటుందని నాకు ఇష్టంగా అనిపిస్తుంది. సాహిత్యం తండ్రి ఆదరణ లేని పేద పిల్లవాడిది, బాణీ నేతగాడి కొడుకుది. పశువుల పాకలో పుట్టినవాడి గురించి పాడడానికి ఇంతకంటే తగినవాళ్లు ఎవరుంటారు?

పటమట_పాఠకురాలు
బాణీ గొప్పదనంతోనే నిలిచిందంటే నేను పూర్తిగా ఒప్పుకోను. అంత చక్కని లాలిపాటలు మన పల్లెల్లోనే ఎన్నో పుట్టి ఆ ఊళ్లలోనే ఆగిపోయాయి. ఈ పాటకు కాళ్లు దొరికాయి. కృష్ణాతీరం గారు చెప్పిన ఆ మౌరాఖర్ ఆస్ట్రియాలోని తిరోల్ ప్రాంతపు త్సిల్లర్‌టాల్ లోయ మనిషి. ఆయన ద్వారానే పాట ఆ లోయకు చేరిందని చెబుతారు. ఆ లోయలోని ష్ట్రాసర్ కుటుంబం చేతి తొడుగులు అమ్ముకునేవారు. జర్మనీలోని లైప్జిగ్ సంతలకు వెళ్లి, కొనేవాళ్లను ఆకర్షించడానికి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కలిసి పాడేవారు. 1830లు మొదలయ్యేసరికి ఈ పాట అక్కడి శ్రోతలకు పరిచయమైంది, ఆ దశాబ్దంలోనే డ్రెస్డెన్‌లో తిరోల్ జానపదమన్న పేరుతో అచ్చయింది. రచయిత పేరు లేదు, స్వరకర్త పేరు లేదు. అదే లోయకు చెందిన రైనర్ కుటుంబం 1839లో న్యూయార్క్‌లో పాడింది. 1859లో జాన్ ఫ్రీమన్ యంగ్ చేసిన అనువాదమే నేడు ఇంగ్లీషులో ఎక్కువగా పాడుతున్నది. చివరకు గ్రూబర్‌కే ఈ బాణీ తనదని రాతపూర్వకంగా చెప్పుకోవలసిన పరిస్థితి వచ్చింది. మోర్ అయితే 1848లోనే వాగ్రైన్‌లో, చేతిలో చిల్లిగవ్వ లేకుండా కన్నుమూశారు. ఉన్నదంతా పేద పిల్లల చదువుకూ ఊరి బడికీ పెట్టేశారు. తన పాట సముద్రం దాటిన సంగతి ఆయన చెవిన పడి ఉంటే బాగుండునని ఎప్పుడూ అనుకుంటాను.

తిశ్రనడక
కాళ్లు దొరకడం నిజమే. అయితే సంతలో నిలబడి వాద్యం లేకుండా పాడినా నిలిచే పాట కాబట్టే ఆ తొడుగుల వ్యాపారులు దాన్ని ఎంచుకున్నారు. పెద్ద వాద్యబృందం కావలసిన పాటను మూటలో పెట్టుకుని ఎవరూ సంతకు వెళ్లలేరు.

సింగ్‌నగర్_మేడ
2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకి వచ్చినప్పుడు కింది అంతస్తులో ఉన్నవన్నీ మునిగిపోయాయి. అమ్మ పాటల పుస్తకం బీరువా అడుగు అరలో ఉండిపోయింది. నీళ్లు తీశాక మేడ మీద ఎండబెడితే ఉబ్బి రెండింతలైంది, చాలా పేజీలు అట్టకట్టుకుపోయాయి. "శుద్ధరాత్రి" ఉన్న పేజీ మాత్రం విడిగా వచ్చింది. ఏటా కొవ్వొత్తి పట్టుకుని పాడేటప్పుడు కారిన మైనం ఆ పేజీ అంచున మందంగా పేరుకుపోయి ఉంది, అందుకేనేమో పక్క పేజీ దానికి అంటుకోలేదు. ఆ డిసెంబరులో మా వీధికి వచ్చిన క్యారల్స్ బృందం దగ్గర కీబోర్డు కూడా లేదు, నీళ్లలో పాడైపోయిందన్నారు. వాకిట్లో నిలబడి ఊరకే పాడారు. గోడల మీద నీటి గీత ఇంకా అలాగే ఉంది. వీధిలో క్రైస్తవులు కాని ఇళ్లవాళ్లూ బయటికి వచ్చి నిలబడ్డారు. సాల్జాఖ్ వరదల వల్ల ఓబర్న్‌డార్ఫ్‌లోని ఆ పాత చర్చి దెబ్బతిని చివరకు దాన్ని కూల్చివేయవలసి వచ్చిందనీ, ఇప్పుడక్కడ ఉన్నది 1937లో ప్రతిష్ఠించిన చిన్న ప్రార్థనాలయమనీ ఈ మధ్యనే చదివాను. వరద చూసినవాళ్లం కాబట్టి ఆ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నక్షత్రదీపం
సింగ్‌నగర్_మేడ గారూ, అమ్మగారి పుస్తకాన్ని మళ్లీ బైండింగ్ చేయించకండి. ఆ మైనం ఊడిపోతుంది. గుడ్డలో చుట్టి ఉంచండి.

కృష్ణాతీరం
ఈ పాట చరిత్ర చెప్పుకుంటూ 1914ను వదిలేయలేం. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన ఆ సంవత్సరం క్రిస్మస్ ముందు రాత్రి పశ్చిమ రంగంలో కొన్నిచోట్ల జర్మన్ సైనికులు కందకాల అంచున కొవ్వొత్తులు వెలిగించి ఈ పాట పాడారు. ఎదుటి కందకాల్లోని బ్రిటిష్ సైనికులు తమ పాటలతో బదులిచ్చారు. మరునాడు మధ్యనున్న నేల మీద కలుసుకుని చేతులు కలిపారు, అక్కడే పడి ఉన్న తమవారిని పాతిపెట్టుకున్నారు. రంగమంతటా అలా జరగలేదు, చాలాచోట్ల కాల్పులు ఆగలేదు. ఆగిన చోట మాత్రం ఇరువైపులవారికీ బాణీ ఒకటే, మాటలే వేరు.

మోర్ రాసిన ఆరు చరణాల్లో ఇప్పుడు సాధారణంగా పాడేవి ఒకటి, రెండు, ఆరు మాత్రమే. నాలుగవ చరణంలో యేసు సహోదరుడిగా లోకంలోని జనాలందరినీ హత్తుకున్నాడని ఉంటుంది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు రాసిన మనిషి ఆ మాట ఊరికే రాయలేదు. పాటలోని అత్యంత బలమైన చరణం అదేనని నా అభిప్రాయం, దాన్నే లోకం వదిలేసింది.

రాత్రి_డ్యూటీ
నేను నర్సును. ప్రతి డిసెంబరులో మా ఆసుపత్రి వార్డులకు క్యారల్స్ పాడేవారు వస్తారు. వార్డులో మైకు పెట్టకూడదు, వాద్యాలు వద్దు, గొంతు పెంచకూడదు. ఆ నిబంధనలన్నిటికీ లోబడి నిలిచే పాట ఇదొక్కటే. వేరే పాటలు గొంతు తగ్గించి పాడితే నీరసంగా ఉంటాయి, ఇది మాత్రం తగ్గించేకొద్దీ బాగుంటుంది. పక్షవాతంతో మాట పోయిన ఒక ముసలాయన, ఎవరు పలకరించినా జవాబు ఇవ్వలేని మనిషి, ఈ పాట వచ్చినప్పుడు మొదటి పాదంలోని మాటలను వాళ్లతో కలిసి పలికారు. మాట పోయినవారికి కొన్నిసార్లు పాట మిగిలి ఉంటుందని డాక్టరుగారు తరువాత చెప్పారు. ఆయన కూతురు మంచం పక్కనే నిలబడి ఉంది. ఇంకోసారి పాడమని అడిగింది, వాళ్లు పాడారు.

పటమట_పాఠకురాలు
రాత్రి_డ్యూటీ గారు రాసినది చదివాక ఈ పాట తీరు గురించి నాకు బాగా అర్థమైంది. ఆనాడు పూజ అంతా లాటిన్ భాషలో సాగే కాలం. అటువంటి రాత్రి ఓడ పనివాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ఉండే ఊరిలో తమ సొంత భాషలో, లాలిపాట నడకలో ఈ పాట వినిపించింది. మతగ్రంథం చదవలేనివాడికి కూడా లాలి తెలుసు. దాన్ని జోలపాటగా ఉండనివ్వడమే ఈ పాటకు మనం చేయగల మేలు. ఇక్కడ మాత్రం తిశ్రనడక గారితో నేను ఏకీభవిస్తున్నాను.

యూత్_కీబోర్డు
అయితే ఒక మధ్యేమార్గం చెబుతాను. ప్యాడ్స్‌ను "దూత పాట పాడుడీ"కి ఉంచుకుంటాం, ఆ కీర్తన హుషారును తట్టుకోగలదు. "శుద్ధరాత్రి"కి ఒక్క గిటారు. మొదటి చరణం ఇద్దరే పాడతారు, చివరి పాదాలు క్వయర్ అందుకుంటుంది, 1818లో చేసినట్టే. రెండవ చరణం నుంచి సంఘమంతా కలుస్తుంది. మా వాళ్లను ఒప్పించే పూచీ నాది. తిశ్రనడక గారు చెప్పినట్టు నడక తగ్గకుండా చూసుకోవడం పెద్దల పూచీ.

అరండల్‌పేట_పెద్దాయన
ఇది బాగుంది. పై గొంతు ఒక యౌవనస్థుడు, కింది గొంతు ఒక పెద్దవాడు పాడితే ఇంకా బాగుంటుంది. ఎలుకల కథను కూడా ఈ ఏడాదికి వేదిక మీద ఆపించగలిగితే, మోర్ గారి తల్లి గురించీ గ్రూబర్ గారి మగ్గం గురించీ పిల్లలకు చెప్పించవచ్చు.

గుంటూరు_ఆల్టో
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం కమిటీలో ఇదే ప్రతిపాదన పెడతాను. ఒక్క సందేహం మిగిలింది. తొలి ప్రతిలో ఉన్న డి మేజర్‌లో పాడితే, తిశ్రనడక గారు చెప్పిన ఆ తారస్థాయి మధ్యమం దగ్గర మా సంఘంలో సగం మందికి గొంతు అందదు. గిటారు వాయించే అబ్బాయికి బి ఫ్లాట్ చెబితే వేళ్లు తిరగవంటున్నాడు. ఏం చేయమంటారు?

తంతి_పెట్టె
మూడవ ఫ్రెట్ మీద క్యాపో (తీగలన్నిటినీ ఒకేసారి అదిమిపట్టే బిగింపు) బిగించి జి, సి, డి ఆకారాలు పట్టుకోమనండి, బి ఫ్లాటే పలుకుతుంది. పై స్వరం ఇ ఫ్లాట్ దగ్గర ఆగుతుంది కాబట్టి ఆడవారికీ మగవారికీ అందుతుంది. హార్మోనియం మీద శ్రుతి ఇచ్చేవారు ఉంటే ఆరున్నర ఇమ్మనండి. క్యాపో బిగించిన తరువాత తీగలను మరోసారి శ్రుతి చూసుకోవాలి, డిసెంబరు రాత్రి చలికి వాటి శ్రుతి కాస్త మారుతుంది.